అవసరమును ఎవరు నిర్ణయించవలెను?



సంఘసేవ అనగానే బట్టల పంపకము, వైద్య శిబిరము మనకు జ్ఞాపకము వచ్చును. సమాజ కార్యము వేరు. అమెరికా ఆచార్యుడు జాక్ రోత్‌మన్ 1968లో దానికి మూడు నమూనాలు చెప్పెను: ఊరివారు తామే కూడి తమ స్థలమును బాగుచేసికొనుట, నిపుణులు లెక్కలు చూచి ప్రణాళిక వేయుట, అణగారినవారు న్యాయము కొరకు పోరాడుట.

1952 అక్టోబరు 2న మన దేశములో ఆరంభమైన సమాజ వికాస పథకము మొదటిదాని పేరు పెట్టుకొని రెండవదానివలె నడిచెను. అది గ్రామస్థులలో చొరవ పుట్టించలేకపోయినదని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీయే చెప్పెను.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సంగతి మీకు తెలియును. 1990 తరువాత వారు అక్షరాస్యతా కేంద్రమునకు చదువుకొనుటకు వచ్చిరి. వాచకములో తమ ఇంటి కథే కనబడెను: కూలి డబ్బు సారా అంగడి పాలగుచున్నది. అంతే, కదలి వెళ్లి అంగడి మూయించిరి. ప్రభుత్వము చదువునకు ప్రణాళిక వేసెను గాని ఈ పోరాటమునకు వేయలేదు! అది జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధింపబడెను. ఇందులో ఏ నమూనా ఎక్కడ ఆగినదో నేను చెప్పలేను.

నా తప్పు కూడ చెప్పెదను. ఒక పేటలో మా కమిటీ కుట్టుమిషన్లు పంచినది. అక్కడి తల్లులకు కావలసినది మంచినీళ్ల కుళాయి. మేము అడుగలేదు. రెండేండ్లకు మిషన్లు మంచముల క్రింద చేరినవి. ఒక అవ్వ, "అయ్యగారూ, బిందె తెచ్చి దీనికింద పెట్టమంటారా?" అన్నది. ఆ తరువాత క్రొత్త పేటకు పోయినప్పుడు మొదటి నెల మేము కాగితము తెరువలేదు.