కామెర్లన్నీ ఒకటి కావు
(పాకాలలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున పాకాల స్టేషన్లో దిగి వస్తుంటే మీలో ఒకామె తన సంగతి చెప్పింది. కాన్పుకు ముందు రక్తపరీక్షలో హెపటైటిస్ బి అని తేలిందట. ఆ సాయంత్రమే అత్తగారింట్లో ఆమె కంచం, గ్లాసు వేరుచేశారు. భర్తకూ పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. "కామెర్లు ఎవరికి రావు? నన్నే ఎందుకు దూరం పెట్టారు?" అని అడిగింది.

నేను వైద్యురాలిని కాను, సమాజశాస్త్రం చదివినదాన్ని. కానీ తెలియనితనం ఎవరి నెత్తిన పడుతుందో చూస్తూనే ఉన్నాను.

కామెర్లు ఒక లక్షణం మాత్రమే. కాలేయాన్ని దెబ్బతీసే వైరస్‌లు ముఖ్యంగా అయిదు: ఎ, బి, సి, డి, ఇ.

ఎ, ఇ మలంతో కలుషితమైన నీళ్ళు, తిండి ద్వారా వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది! కానీ చివరి నెలల గర్భిణికి ఇ సోకితే నూటికి ఇరవైమంది దాకా చనిపోయే ప్రమాదముంది. 1955-56లో ఢిల్లీలో తాగునీటిలో మురుగు కలిసి వేలమందికి వచ్చిన కామెర్లు ఇ వల్లనేనని తర్వాత తేలింది. 2005లో హైదరాబాదులోనూ కుళాయి నీళ్ళే దాన్ని మోసుకొచ్చాయి. అందువల్ల కామెర్లొచ్చిన గర్భిణిని పత్యం పెట్టి ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

బి, సి రక్తం ద్వారా వస్తాయి: ఒకరికి వాడిన సూది, పరీక్షించని రక్తం. బి లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకూ వస్తుంది. బి ఉన్నవాళ్ళకే డి సోకుతుంది. ఇవి ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండి కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కంచం వల్ల, గ్లాసు వల్ల బి రాదు.

పుట్టినప్పుడు బి సోకిన పిల్లల్లో నూటికి తొంభైమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకే 24 గంటల్లోపు తొలి టీకా వేయాలి. టీకా వేసిన బిడ్డకు తల్లి నిర్భయంగా పాలివ్వవచ్చు. ఈ టీకాను 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ చవకగా తెచ్చింది. సి కి టీకా లేదు, కానీ సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై అయిదుమందికి నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ వైద్యంలో బి, సి పరీక్షలు, మందులు ఉచితం.

ఆ చెల్లెలికి బి తల్లి కడుపు నుంచే వచ్చిందో, భర్త నుంచి వచ్చిందో, సూది నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నిలదీసే హక్కూ ఎవరికీ లేదు. ఆమెకు కావలసింది వైద్యం, భర్తకు పరీక్ష, బిడ్డకు టీకా. మనం అడగవలసినవి ఇంకొన్ని ఉన్నాయి: పంచాయతీ దగ్గర తాగునీటి పరీక్ష ఫలితం, ప్రతి ఇంజెక్షన్‌కూ కొత్త సూది, పరీక్ష వివరాలు గోప్యంగా ఉంచడం.

ఈ రోజు ఇంటికి వెళ్ళాక ముందు ఆ కంచాన్ని తిరిగి అందరి కంచాల్లో కలపండి.