వ్యాయామోపాధ్యాయుడును, చేతి యంత్రమును



నేను చిరకాలము తెలుగు పాఠములు చెప్పి విరమించినవాడను. కబడ్డి గీతకు ఇవతల నిలిచి చూచినవాడనే గాని ఆడినవాడను గాను. అయినను డ్రిల్లుమాస్టర్లు కాబోవు యువతీయువకులను గూర్చి నేడు ప్రసంగింప సాహసించుచున్నాను. రేపు వారి యీలకు కదలవలసినవారు మీ మనుమలు, మనుమరాండ్రే గదా!

1920లో హారీ క్రో బక్ దొర చెన్నపురిలో వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పెను. ఆ కాలమున ఈ వృత్తికి ఈల, బంతి, గడియారము చాలియుండెను. ఇప్పుడు శిక్షణ పొందువాని మణికట్టున నాడిని లెక్కించు వాచీయు, చేత ఫోనును ఉన్నవి. 2019లో ‘ఫిట్ ఇండియా’ ఉద్యమము ఆరంభము కాగా 2021లో ఆ పేరనే యాప్ వెలువడినది. కొందఱు శిక్షణార్థులు యంత్రము చెప్పినదే వేదమందురు. మఱికొందఱు దానిని చూచి బెదరి, తమకు బోధించుటయే చేతగాదని క్రుంగుదురు. నా మతమున ఈ రెంటికిని మూలమొక్కటియే: పిల్లల యెదుట నిలుచు ధైర్యము కుదురకపోవుట.

ఆ వాచీ నాడిని తాకి చూడదు. చర్మముమీదికి పచ్చని వెలుగును పంపి, నెత్తురు పోటునుబట్టి తిరిగివచ్చు వెలుగులోని హెచ్చుతగ్గులవలన లెక్క కట్టును. తర్కము చదివినవారు దీనిని అనుమాన ప్రమాణమందురు. మంచును పొగయని భ్రమించినవాడు కొండపై నిప్పు లేకున్నను కలదనును. అట్లే చేయి విసరునపుడు వాచీయు తప్పు చెప్పవచ్చును. 220 నుండి వయస్సు తీసివేయుమను సూత్రము నలువదియేండ్లవానికి 180 అని చెప్పును. అది సగటు మాత్రమే. మనిషికి మనిషికి పది పండ్రెండు భేదించుట సామాన్యము. పదునైదు క్షణములు వ్రేళ్లతో నాడి చూచి నాలుగింట హెచ్చించుట నేర్చినవాడు, పరుగెత్తు బాలుడు మాటాడగలుగుచున్నాడా యని కనిపెట్టువాడు వాచీకి దాసుడు కాడు, దానికి వెఱవడు.

ఈ ధైర్యమెట్లు కలుగును? బండూరా యను మనశ్శాస్త్రజ్ఞుడు 1977లో నాలుగు దారులు చెప్పెను: స్వయముగా చేసి నెగ్గుట, తనవంటివాడు నెగ్గగా చూచుట, పెద్దల ప్రోత్సాహవాక్యము, గుండెదడను అదుపులో నుంచుకొనుట. అన్నింటిలో మొదటిదే బలమైనది. ఇచటనే ఫోను అక్కఱకు వచ్చును. శిక్షణార్థి తన తరగతిని చిత్రించుకొని సాయంకాలము చూచుకొన్నచో, పిల్లలను ఎండకు ఎదురుగా నిలిపినదియు, వెనుక వరుసవారు ఊరక నిలిచినదియు తేటతెల్లమగును. మఱునాడు దిద్దుకొనును. ఈ మేలు ఒకమారు కన్నవాడు యంత్రమును తానే వెదకుకొనును.

మూడవ దారి మీ చేతిలోనిది. బోధనాభ్యాసమునకు శిక్షణార్థి మీ యూరి బడికి వచ్చినపుడు, ఆ గంటను లెక్కల కిమ్మని పట్టుపట్టకుడు. అతడు చిత్రము తీయబూనినచో తల్లిదండ్రుల సమ్మతి ముందే పుచ్చుకొనుమనుడు. చూచుకొన్న పిదప తుడిచివేయుమనుడు.