యంత్రం వాయించిన పాట – తప్పిపోయిన ఒక స్వరం



అండమాన్ దీవుల్లో చదువుకునే మీలో కొందరు కీబోర్డు వాయిస్తుంటారు. "మీట నొక్కితే యంత్రమే వాయిస్తుంది కదా, ఇందులో మన గొప్ప ఏముంది?" అని ఒక విద్యార్థిని నన్ను అడిగింది. మంచి ప్రశ్న. దీనికి జవాబుగా ఈనాడు ఒక పాట తయారైన తీరును చూద్దాం.

ఆ పాట 'బ్లూ మండే'. దానిని చేసినది ఇంగ్లండులోని మాంచెస్టర్ ప్రాంతపు 'న్యూ ఆర్డర్' బృందం. 1980 మే నెలలో 'జాయ్ డివిజన్' గాయకుడు ఇయాన్ కర్టిస్ మరణించాడు. మిగిలిన ముగ్గురూ కొత్త పేరుతో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఏడాదే గిలియన్ గిల్బర్ట్ వారితో చేరింది.

సింథసైజర్‌లో తీగ ఉండదు, ఊదే గొట్టం ఉండదు. డోలకం అనే వలయం విద్యుత్తును హెచ్చుతగ్గులు చేస్తుంది. సెకనుకు 440 సార్లు చేస్తే స్పీకరు పొర కూడా 440 సార్లు కంపిస్తుంది. మనకు ఒక స్వరం వినబడుతుంది. అందులో అనేక పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి. ఫిల్టరు వాటిలో కొన్నింటిని ఆపుతుంది. అందుకే ఒకే స్వరం ఒకసారి మొద్దుగా, ఇంకొకసారి పదునుగా ఉంటుంది.

ఏ క్షణాన ఏ స్వరం పలకాలో గుర్తుంచుకునే పరికరం సీక్వెన్సర్. దీనిని బెర్నార్డ్ సమ్నర్ విడిభాగాలు తెచ్చుకుని స్వయంగా అమర్చుకున్నాడు. స్వరాలు ఎక్కించే పని గిల్బర్ట్‌ది. కాగితాలు ఒకదానికొకటి అంటించి, స్టూడియో పొడవునా పరచి, చూస్తూ ఒక్కొక్క స్వరమే ఎక్కించింది. పొరపాటున ఒక స్వరం వదిలిపోయింది. దాంతో రాగం వరుస తాళం నుంచి కాస్త పక్కకు జరిగింది.

ఎంత జరిగి ఉంటుంది? లెక్క వేద్దాం. పాట వేగం నిమిషానికి సుమారు 130 దెబ్బలు. 60ని 130తో భాగిస్తే దెబ్బకు 0.46 సెకను. అందులో నాలుగో వంతు తప్పిందనుకుంటే 0.115 సెకను. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది గనుక, ఈ వ్యవధిలో 39 మీటర్లు పోతుంది. మైదానంలో అంత దూరాన ఎవరైనా డప్పు కొడితే, దెబ్బ ముందు కనబడి చప్పుడు తరువాత వినబడుతుంది. ఆ ఆలస్యమే ఇది. చెవి దీనిని పట్టుకోగలదు.

పాట అలాగే 1983 మార్చి 7న ఫ్యాక్టరీ రికార్డ్స్ ద్వారా విడుదలైంది. నిడివి ఏడున్నర నిమిషాలు. అందుకే 12 అంగుళాల రికార్డు కావలసి వచ్చింది. పెద్ద రికార్డులో గాడులు వెడల్పుగా ఉంచవచ్చు. మంద్రస్వరాలు గట్టిగా పలుకుతాయి. పీటర్ సావిల్ దాని కవరును ఫ్లాపీ డిస్కులా రూపొందించి, పేరును రంగుల సంకేతాలలో దాచాడు. రంధ్రాలు కోసిన ఆ కవరు ఖర్చుకు తొలి ప్రతుల మీద నష్టమే వచ్చిందని చెబుతారు. అయినా అత్యధికంగా అమ్ముడైన 12 అంగుళాల సింగిల్‌గా దానికి పేరు నిలిచింది.

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌కు ఏ క్యాసెట్ అయినా ఓడలోనో విమానంలోనో రావలసిందే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. నేడు అక్కడి నుంచైనా, కార్ నికోబార్ నుంచైనా మీ పాటను ప్రపంచానికి వినిపించవచ్చు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. యంత్రం పొరపాటు చేయలేదు, చెప్పింది చెప్పినట్లే వాయించింది. ఏ స్వరం కావాలో ఎంచినదీ, ఒకటి మరచినదీ మనుషులే. మీరూ ఒక చిన్న వరుస కట్టండి. దానిని 0.115 సెకను జరిపి వినండి. బాగుందో లేదో చెప్పవలసింది మీ చెవే.