ముప్పై రోజుల తాలీం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం గనుక ఇట్లాంటి వేదిక ఎక్కినప్పుడల్లా పిల్లల చదువు, ఫీజులు, స్కాలర్‌షిప్పులు ఇవే మా విషయాలు. ఈసారి ఒంటి సంగతి మాట్లాడదలచుకున్నాము. ఇది చదువుకు దూరమైన విషయం అనుకోకండి. ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే తరగతి గదిలో వాళ్ళబ్బాయి కూర్చునే చోటు ఖాళీ అవుతుంది. ఇది బడిలో మేము కళ్ళారా చూస్తున్న సంగతి. పదో తరగతి పిల్లవాడు పుస్తకాలు అటకమీద పెట్టి కంపెనీ గేటు దగ్గర నిలబడతాడు. ఆడపిల్ల అయితే తండ్రి మందులు, తమ్ముళ్ళ వంట చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోతుంది. కనుక నలభై దాటిన తండ్రి ఆరోగ్యం కూడా పిల్లల చదువు లెక్కలోకే వస్తుంది.

మన ముత్తంగి, పటాన్‌చెరు ప్రాంతం ఎట్లా మారిందో మీకు తెలుసు. 1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. చుట్టూ పారిశ్రామికవాడలు పెరిగినయి. మన తాతలు నాగలి పట్టారు, నీళ్ళు తోడారు, సంతకు నడిచి పోయారు. మనం కంపెనీ బస్సు ఎక్కుతాం, యంత్రం ముందు నిలబడతాం లేదా కుర్చీలో కూర్చుంటాం, మళ్ళీ బస్సు దిగి ఇంటికొస్తాం. తిండి మాత్రం నాగలి పట్టినవాడి తిండే. దావత్ ఉన్ననాడు ఆ లెక్క కూడా ఉండదు!

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ వ్యాధి ఉన్నది. మరో 13 కోట్ల మందికి పైగా దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఆ గడప దగ్గర ఉన్నవారు వెనక్కి తిరిగి రావచ్చు. మేము ఈ రోజు మాట్లాడేది ముఖ్యంగా వారి కోసమే.

"పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చేవానికి మళ్ళీ కసరత్తు ఏంది మాస్టర్ సాబ్?" అని అడిగినవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు 1953లో లండన్ నగర బస్సుల్లో దొరికింది. జెరెమీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే రోడ్డు. కాని డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్ల కోసం రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగా, కండక్టర్లలో తక్కువగా కనబడింది. సాయంత్రానికి ఇద్దరూ అలసిపోయినవారే. అయితే అలసట వేరు, కసరత్తు వేరు. ఒకే చోట నిలబడితే కాళ్ళు పీకుతాయి గాని గుండెకు, కండరాలకు కావలసిన కదలిక దొరకదు.

మరి ఎక్కడ చేయాలి? మన ఊరు 65వ నంబరు జాతీయ రహదారిమీద ఉన్నది, పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. లారీల మధ్య నడవమని మేము ఎవరికీ చెప్పలేము. గాలి సంగతి చూస్తే 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తయారుచేసిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారం కూడా ఉన్నది. జిమ్‌కు పోవాలంటే నెలనెలా రుసుము కట్టాలి. ఆడవారికి అక్కడ మొహమాటం. అందుకని చాప పరిచేంత జాగా ఉంటే చాలు, ఇల్లే మంచిది.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఉర్దూలో తాలీం అంటే చదువు. వ్యాయామశాలను కూడా మన పెద్దలు తాలీంఖానా అనే పిలిచారు. ఒంటికి నేర్పడం, బుద్ధికి నేర్పడం రెంటికీ ఒకటే మాట పెట్టారు. తెలుగువారు సాముగరిడీ అన్నది దీన్నే. అక్కడి పనిముట్లు ఏమిటి? దండీలు, బస్కీలు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు అయినా, 1910లో లండన్ వెళ్ళి కుస్తీలో పేరు తెచ్చుకున్న గామా పహిల్వాన్ అయినా తయారైంది ఈ దేశీ కసరత్తులతోనే.

మా వృత్తివారిలో ఒక పెద్దమనిషి పేరు ఇక్కడ చెప్పకుండా ఉండలేము. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ మొదట బడిపంతులు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు, భారత జట్టుకు శిక్షణ ఇచ్చారు. వారి చేతుల్లో మన దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో వారు కన్నుమూశారు. పంతులు పని సుద్దముక్కతో అయిపోదని వారు చూపించారు. ఆ వృత్తిలోనే ఉన్నవాళ్ళం, మేము కనీసం మన గల్లీవరకైనా ఆ మాట చెప్పాలి కదా!

పోయిన చలికాలంలో మేము కొన్ని ఇళ్ళవాళ్ళం కలిసి ఒక షరతు పెట్టుకున్నాము. ముప్పై రోజులు, ఎవరింట్లో వాళ్ళు, ఏ సామాను కొనకుండా కసరత్తు చేయాలి. గోడమీది క్యాలెండరులో చేసిన రోజున గీత పెట్టాలి. ఆ పద్ధతి మీ ముందు పెడుతున్నాము.

మొదటి వారం రోజుకు పది నిమిషాలే. మూడు నిమిషాలు ఉన్నచోటనే మోకాళ్ళెత్తి అడుగులు. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. గోడకు చేతులు పెట్టి దండీలు పది. మడమలెత్తి దించడం పదిహేను. కొంచెం ఊపిరి తీసుకుని ఇదంతా మరోసారి.

రెండో వారం పదిహేను నిమిషాలు. గోడకు బదులు కదలని గట్టిబల్ల అంచు పట్టుకుని దండీలు తీయాలి. మూడో వారం ఇరవై నిమిషాలు. కుర్చీ పక్కకు పెట్టి సగం వరకే వంగే బస్కీలు, చాపమీద మోకాళ్ళు ఆనించి దండీలు. నాలుగో వారం ముప్పై నిమిషాలు. ఒకేసారి కుదరకపోతే పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను చేసినా సరే.

ఎంత గట్టిగా చేయాలంటే దానికి సులువైన కొలత ఉన్నది. చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట వస్తున్నదంటే వేగం చాలదు. మాట కూడా రావడం లేదంటే ఎక్కువైంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఇట్లా కదలాలని, రెండు రోజులైనా కండరాలకు బలం పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన నాలుగో వారం లెక్క చూడండి: ముప్పై నిమిషాలు, ఐదు రోజులు. సరిగ్గా 150.

ఇంకొక షరతు కూడా పెట్టుకున్నాము. ఒక రోజు తప్పితే తప్పనీ, వరుసగా రెండు రోజులు తప్పనివ్వకూడదు. సీ షిఫ్టు తమ్ముడొకాయన నైట్ డ్యూటీ దిగి వచ్చి చేస్తే కళ్ళు తిరుగుతున్నయని చెప్పాడు. పడుకుని లేచిన తర్వాత, డ్యూటీకి పోయేముందు చేయమన్నాము. గడియారం ఎట్లా ఉన్నా, ఆయనకు నిద్రలేచిన సమయమే ఉదయం.

మన ఆడవారి మాట వేరే చెప్పాలి. "ఇంటి పనంతా కసరత్తు కాదా భాయ్‌సాబ్?" అని ఒక భాభీ నిలదీశారు. రొట్టెల పిండి పిసకడం, నీళ్ళ బిందె మోయడం, బట్టలు ఉతకడం నిజంగానే శ్రమ. కాదనేవాడు ఒకరోజు చేసి చూడాలి! కాని ఆ పని ఆగి ఆగి సాగుతుంది; పది నిమిషాలు ఏకధాటిగా ఊపిరి పెరిగేది తక్కువ. అంతకంటే ముఖ్యం, ఆ పనిలో తన కోసమని ఒక్క నిమిషం కూడా లేదు. ఆ ఇంట్లో ఆయన పొద్దున చాయ్ పెట్టే పని తీసుకున్నారు, ఆమెకు పదిహేను నిమిషాలు దొరికినయి. ఇంటాయన సాయం చేసిన ఇళ్ళల్లోనే ఆడవారి క్యాలెండరు నిండింది.

ఇక ఫలితం సంగతి. తూకం యంత్రం చూసి కొందరు నిరాశపడ్డారు. నెల రోజుల్లో బరువు పెద్దగా తగ్గదు, అంత ఆశ పెట్టుకోకూడదు. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలది. ఉన్న కండరాన్ని వాడుకోవడం శరీరం మళ్ళీ నేర్చుకుంటుంది. కండ పెరగడం ఆ తర్వాత సంగతి. కాని ఇంకొక మేలు మొదటి రోజునుంచే ఉన్నది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. అందుకే భోజనం తర్వాత ఇంట్లోనే పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడిస్తే షుగర్ ఒక్కసారిగా పైకి పోకుండా ఉంటుంది. మా వాళ్ళల్లో ఎక్కువమంది చెప్పినవి చిన్న సంగతులే. రెండో అంతస్తు మెట్లకు ఆయాసం తగ్గింది. నిద్ర బాగా పడుతున్నది. కింద కూర్చుని చేయి ఆనించకుండా లేస్తున్నారు. తూకంకంటే దర్జీ టేపును నమ్మండి. మన ఆసియావారికి నడుము చుట్టుకొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లకు చేరిందంటే షుగర్, గుండెజబ్బుల భయం పెరిగిందని డాక్టర్ల లెక్క.

జాగ్రత్తలు కూడా వినండి. గుండెజబ్బు ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు, ఇన్సులిన్ గాని షుగర్ బిళ్ళలు గాని వాడుతున్నవారు, గర్భవతులు, మోకాళ్ళు బాగా అరిగినవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. చేస్తుండగా ఛాతీలో బరువు, ఎడమచేయి లాగడం, కళ్ళు చీకట్లు కమ్మడం కనబడితే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. కసరత్తు మొదలుపెట్టాం గదా అని మందులు మీ అంతట మీరు మానకండి. రంజాన్ నెలలో ఉపవాసం విడిచి కాస్త కుదుటపడ్డాక తేలికగా చేస్తే చాలు.

ముప్పై రోజులే ఎందుకని అడుగుతారు. ప్రతి యేటా ఒక నెల మన ఇళ్ళల్లో నిద్ర, తిండి, లేచే వేళ అన్నీ మారతాయి; పిల్లల నుంచి ముసలివారి వరకు అందరం సర్దుకుంటాం. అంటే మనకు నెల రోజుల కట్టుబాటు చేతకాదన్నది అబద్ధం. ఒంటిని పూర్తిగా మార్చడానికి నెల చాలదు. కాని రోజులో కసరత్తుకు ఒక చోటు చూపించడానికి చాలు. అడ్మిషన్ దొరికినంతమాత్రాన పరీక్ష పాసైనట్టు కాదు; ముప్పై ఒకటో రోజున కూడా హాజరు వేయించుకోవాలి.

చివరగా సంఘంవారికి మా విన్నపం. వైద్య సహాయం కోసం వచ్చే అర్జీలు మీరే చూస్తున్నారు. ఆ సాయం ఆపమని మేము అనము. దానితోపాటు వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ప్రతి సభ్యుని ఇంటికి ముప్పై గళ్ళ కాగితం ఒకటి పంచండి. ఆడవారికి వేరే కాగితం, వారి పేరు మీదనే. ఎవరి బరువు ఎంత తగ్గిందని పోటీ పెట్టవద్దు. ఎన్ని గళ్ళు నిండినయో అదే చూడండి. గీతలు పెట్టే పని పిల్లలకు అప్పజెప్పండి. హాజరు వేయడంలో వాళ్ళు మాకంటే కఠినులు, అబ్బాజాన్ అయినా సరే వదలరు.