నీళ్లు కాచి తాగమంటే పొయ్యి ఎక్కడుంది?

(ప్రసంగ పాఠం)



2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. పడవలు చేరలేని చోట్లకు డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. నేనివాళ అన్నం గురించి కాదు, మాట గురించి మాట్లాడదలిచాను. అలాంటి నీళ్ల మధ్య ఆరోగ్య సమాచారం ఎవరి దాకా చేరుతుంది?

వరద ఎప్పుడొచ్చినా మొదటి సలహా ఒకటే: నీళ్లు కాచి చల్లార్చి తాగండి. మంచి మాటే. కానీ సిలిండరు మునిగిపోయి, పిల్లలతో డాబా ఎక్కి కూర్చున్న స్త్రీకి అది సలహా కాదు, ముందస్తు నింద. రేపు బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే 'చెప్పాం కదా' అనేది ఆమెనే. అదే క్లోరిన్ బిళ్ళ చేతిలో పెట్టి, ఎన్ని బిందెలకు సరిపోతుందో చూపించి, వేశాక అరగంట ఆగమంటే ఆమె చేయగలదు. ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలపమంటాం. డాబా మీద లీటరు కొలత ఎక్కడిది? పంచిన నీళ్ల సీసానే కొలత. అరలీటరుదైతే రెండు సీసాలు. ఇంత చిన్న సంగతి రాయడం మన కరపత్రాలకు నామోషీ!

సగం చెప్పిన సమాచారం మరీ ప్రమాదం. 2018 కేరళ వరదల్లో ఎలుక జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు పంచారు. గర్భిణులకు సాధారణంగా ఆ మందు ఇవ్వరు. 'అందరూ వేసుకోండి' అని మైకులో చెబితే, రెండో నెలలో ఉండి అత్తగారికి కూడా ఇంకా చెప్పని కోడలు నలుగురిలో లేచి అడుగుతుందా? ఆశా కార్యకర్త పక్కన కూర్చుని అడిగితేనే ఆ మాట బయటికొస్తుంది. శిబిరంలో బహిష్టు గుడ్డ ఎక్కడ ఆరేసుకోవాలన్న ప్రశ్నా అంతే.

'ప్రజలు' అన్న ఒక్క మాటలో వించిపేటలో ఉర్దూ మాట్లాడే ముసలమ్మనూ, దివిసీమలో చదువు రాని యానాది తల్లినీ, చెవులు వినపడని స్త్రీనీ కలిపేస్తాం. ఫోన్లకు సందేశం పంపామంటారు. చాలా ఇళ్లలో ఫోను ఉండేది చొక్కా జేబులో. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి పల్లెల్లో రేడియోలే తక్కువ. 2024లో ఫోన్లున్నాయి, ఛార్జింగుకు కరెంటు లేదు.

ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరికి ఇన్సులిన్ కావాలో ఆశాకు, అంగన్‌వాడీ కార్యకర్తకు, డ్వాక్రా సంఘానికి తెలుసు. అయితే వాళ్ల ఇళ్లూ ఆ నీళ్లలోనే ఉంటాయి. ముందుగా బిళ్ళలూ, పడవలో చోటూ, ఆ రోజులకు కూలీ ఇవ్వకుండా 'మహిళల భాగస్వామ్యం' అనడం ఊరికే చాకిరీ చేయించుకోవడమే. వానాకాలం రాకముందే ఈ మూడూ వార్డు వార్డునా అడుగుదాం.