లంక భూములలో పసుపు సాగు
(ఆలమూరు రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గౌతమి గట్టున నిలబడి మీకు మీ నేల సంగతి చెప్పబూనుట నావంటివానికి కొంచెము సాహసమే. ఏ లంకలో ఇసుక మేట వేసినదో, ఏ చేనులో ఒండ్రు నిలిచినదో నాకంటె మీకే బాగుగ తెలియును. అయినను పసుపు గూర్చి కొన్ని మాటలు గట్టిగ చెప్పవలసియున్నది. వరినారు పోయిన మరల పోసికొనవచ్చును. పసుపునకట్లు కాదు. ఎకరమునకు 8 మొదలు 10 క్వింటాళ్ల విత్తనపు కొమ్ములు కావలెను. అవి కుళ్లినచో ఆ యేటి పెట్టుబడిలో పెద్దభాగము మట్టిలో కలిసినట్లే.

ఈ మొక్క పూయును గాని సాధారణముగ గింజ కట్టదు. కావున దుంపయే విత్తనము, దుంపలోని తెగులు కూడ విత్తనముతోపాటే క్రొత్త చేనికి నడిచివచ్చును.

నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక కౌలురైతు తన అరయెకరము చూపి సలహా అడిగెను. పైన చక్కని ఒండ్రుమట్టి చూచి సంతోషించి, వేయుమని చెప్పితిని. అడుగున బంకమట్టి యున్నదేమో త్రవ్వి చూడనైతిని. శ్రావణమాసపు వానలకు మూడు దినములు నీరు నిలిచెను. మొదట క్రింది ఆకుల అంచులు పండుబారెను. పిమ్మట కాండము మొదలు మెత్తబడి, లాగగానే చేతికి ఊడివచ్చెను. సగము చేను పోయినది. కౌలు మాత్రము పూర్తిగ చెల్లింపవలసివచ్చెను. తప్పు నాది, నష్టము అతనిది. నాటినుండి గుంట త్రవ్వి చూడనిదే ఎవరికిని పసుపు వేయుమని చెప్పుట లేదు.

మీరును అట్లే చేయుడు. రెండడుగుల గుంట త్రవ్వి, నిండ నీరుపోసి, మరునాటి ఉదయము చూడుడు. నీరింకను నిలిచియున్నయెడల ఆ చేనిని వరికే విడువుడు. లంకలలో సైతము మెరక చూచుకొనవలెను. 1986 ఆగస్టు వరదను పెద్దలు మరచియుండరు, 2022 జూలై వరదను అందరును చూచితిరి. మే, జూన్ నెలలలో నాటిన పసుపు సరిగా ఆ రోజులకే లేతగ నుండును. వరద సులభముగ ఎక్కు పల్లపు లంకలో ఈ పంట వేయుట జూదమని నా అభిప్రాయము.

రకముల విషయమున చెప్పుకొనదగినది కలదు. కస్తూరి కొత్తపేట, అమృతపాణి కొత్తపేట అని మనకు పరిచితమైన పేరుతోనే పాత రకములున్నవి. కస్తూరి రకములు సుమారు 7 నెలలకు, కేసరి రకములు 8 నెలలకు, దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు రకములు 9 నెలలకు వచ్చును. కోజికోడులోని సుగంధద్రవ్య పరిశోధన సంస్థవారి ప్రగతి 6 నెలలకే వచ్చును. వారిదే ప్రతిభ రకములో కుర్కుమిన్ సుమారు 6 శాతము. మందుల వ్యాపారులు చూచునది ఈ కుర్కుమిన్‌నే. రంగునిచ్చునదియు అదే.

మే చివర నుండి జూన్ నడిమి వరకు నాటవలెను. అప్పటికి కాలువలు కట్టియుండును గాన బోరునీరు గలవారే ముందు నాటగలరు. మీటరు వెడల్పు, అడుగు ఎత్తు గల మళ్లు చేసి, మళ్ల నడుమ బోదెలు తీసి, వాటిని మురుగుకాలువకు కలుపవలెను. ఈ బోదెలు నీరు పెట్టుటకు మాత్రమే కాదు, ముఖ్యముగ నీరు తీయుటకు. కొబ్బరితోటలో అంతరపంటగ వేయువారు చెట్టు చుట్టు రెండు మీటర్లు విడువవలెను. నీడలో దిగుబడి కొంత తగ్గినను పంట వచ్చును.

విత్తనమును లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణములో 30, 40 నిమిషములు ఉంచి, నీడన ఆరబెట్టి నాటవలెను. చేనిలో కుళ్లు కనిపించిన చోట మొక్కలను దుంపతో త్రవ్వి దూరముగ పారవేసి, ఆ చోట చుట్టును లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీటితో నేల తడుపుడు. ముందు నీరు తీసివేయనిదే ఏ మందును పనిచేయదు. పసుపు వెంట పసుపు వేయరాదు.

ఉడికించుటయందు తొందర, అశ్రద్ధ రెండును చెరుపే. నురుగు వచ్చి, ఘుమఘుమలాడు తెల్లని ఆవిరి లేచి, పుల్ల సులభముగ దిగునపుడు తీయవలెను. ఎక్కువ ఉడికిన రంగు చెడును, తక్కువైన కొమ్ము పెళుసగును. పిమ్మట శుభ్రమైన కళ్లమున 10, 15 దినములు ఎండవలెను. పచ్చి పసుపు 5 కిలోలకు ఎండినది సుమారు కిలో వచ్చును. మెరుపునకై రంగు కలుపుట మహాపాపము. బంగ్లాదేశ్‌లో లెడ్ క్రోమేట్ అను సీసపు రంగు పసుపులో కలిపిరనియు, ఆ సీసము గర్భిణుల రక్తమున చేరినదనియు 2019లో పరిశోధకులు తేల్చిరి.

ఇక ఔషధగుణము. గాయమునకు పసుపు అద్దుట మన యింట ముసలమ్మ కెరుక. దానికే 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చిరి. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథముల ఆధారము చూపి 1997లో దానిని రద్దు చేయించినది. అయినను కుర్కుమిన్ మన శరీరమునకు స్వల్పముగనే ఒంటబట్టును. కూరలోని పసుపు మంచిదే గాని, దానిని నమ్మి డాక్టరిచ్చిన మందు మానవలదు. మిరియపు సారము కలిపిన కుర్కుమిన్ మాత్రలు మితిమీరి వాడి కాలేయము చెడగొట్టుకొన్నవారును కలరు.

విత్తనమునకు ఉంచు కొమ్ములను త్రవ్విననాడే, తెగులు లేని మళ్లనుండి వేరుచేసి, నీడన ఆకులు కప్పి దాచుడు. కుళ్లు వచ్చిన చేనిలో బాగున్నట్లు కనిపించు కొమ్మును కూడ విత్తనమునకు వాడవలదు.