వాటా ఇస్తామంటున్నారు, హక్కు మాటేమిటి?

(రైతుసంఘం కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య ఊళ్లకు వచ్చే కంపెనీ మనుషుల నోట ఒక కొత్త మాట వినబడుతోంది. వెనకటిలా "భూమి ఇవ్వండి" అనడం లేదు. "మీరు మా భాగస్వాములు" అంటున్నారు. సోలార్ వాళ్లదీ అదే మాట, గాలిమరల వాళ్లదీ అదే మాట. ఏజెన్సీకి పంప్డ్ స్టోరేజీ పేరుతో వచ్చేవాళ్లదీ అదే. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా సంతకాలు పెట్టకూడదు. అందుకే ఇవాళ కాస్త దూరం వెళ్లి కెనడా సంగతి చెబుతాను. ఆ మాటను కాగితం మీద నుంచి కొంత దూరం నడిపించి చూసిన దేశం అది.

కెనడాలో ఆదివాసులను ఫస్ట్ నేషన్స్, మెటీస్, ఇన్యూట్ అంటారు. 2022 సెప్టెంబరులో ఆల్బర్టా రాష్ట్రంలోని 23 ఫస్ట్ నేషన్స్, మెటీస్ సమాజాలు కలిసి ఎన్‌బ్రిడ్జ్ కంపెనీకి చెందిన 7 పైపులైన్లలో 11.57 శాతం వాటా కొన్నాయి. ధర 112 కోట్ల కెనడా డాలర్లు. అంతకు ముందు 2017లో ఫోర్ట్ మెకే, మికిసూ క్రీ అనే రెండు ఫస్ట్ నేషన్స్ సన్‌కోర్ కంపెనీ చమురు నిల్వ కేంద్రంలో 49 శాతం కొన్నాయి. ఒంటారియో ఉత్తరాన వటేనికనేయప్ అనే కరెంటు లైను ఉంది. పొడవు సుమారు 1,800 కిలోమీటర్లు. అందులో 51 శాతం 24 ఫస్ట్ నేషన్స్‌దే. అంతవరకు డీజిల్ జనరేటర్ల మీద బతికిన 17 మారుమూల ఊళ్లకు కరెంటు ఇవ్వడానికి వేసిన లైను అది. ఆ పేరుకు అర్థం కూడా వెలుగు తెచ్చే తీగ అనే.

మరి ఆదివాసుల చేతిలో అన్ని కోట్లు ఎక్కడివి? అప్పు. ఆ అప్పుకు ప్రభుత్వం హామీ. ఆల్బర్టా ప్రభుత్వం ఇందుకోసం 2019లో ఒక సంస్థనే పెట్టింది. కేంద్రం 2024 బడ్జెట్‌లో 500 కోట్ల డాలర్ల హామీ పథకం ప్రకటించి, మరుసటి ఏడాది దాన్ని 1,000 కోట్లకు పెంచింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. చమురు కంపెనీలకు, ప్రభుత్వాలకు ఇంత దయ ఎందుకు పుట్టింది? పుట్టలేదు. కోర్టుల్లో 50 ఏళ్ల పోరాటం వాళ్లను అక్కడికి నెట్టింది. 1973లో కాల్డర్ కేసు. తెల్లవాళ్లు రాకముందే ఆదివాసులకు భూమి మీద హక్కు ఉందనే సంగతిని కెనడా సుప్రీంకోర్టు తొలిసారి ఒప్పుకున్నది అందులోనే. 1982లో ఆ హక్కులు రాజ్యాంగంలోకి ఎక్కాయి. 2004లో హైడా కేసులో, ఆదివాసుల హక్కు ఉండే అవకాశమున్న చోట ప్రభుత్వం వాళ్లను సంప్రదించి తీరాలని తీర్పు వచ్చింది. సంప్రదింపు అంటే మన దగ్గర షామియానా వేసి, పోలీసులను నిలబెట్టి, అరగంటలో ముగించే ప్రజాభిప్రాయ సేకరణ లాంటిది కాదు. అది సరిగా జరగలేదని నార్తర్న్ గేట్‌వే పైపులైను అనుమతిని 2016లో, ట్రాన్స్ మౌంటెన్ విస్తరణ అనుమతిని 2018లో కోర్టులు కొట్టేశాయి. వేల కోట్ల పెట్టుబడి ఆగిపోతుందని తెలిశాకే వాటా మాట బయటికొచ్చింది. అడ్డుకునే శక్తి ముందు, వాటా తరువాత. ఈ వరస గుర్తుంచుకోండి.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనుకోకండి. ఎన్‌బ్రిడ్జ్ ఒప్పందంలో కొన్న వాటాకు డబ్బు వస్తుంది కానీ పైపులైను నడిపే అధికారం రాదు. అది కంపెనీ దగ్గరే. మానిటోబాలో కీయాస్క్ డ్యాము సంగతి ఇంకోలా ఉంది. 4 క్రీ ఫస్ట్ నేషన్స్ 25 శాతం వరకు వాటా తీసుకోవచ్చన్నారు. 650 కోట్ల డాలర్లు అనుకున్న ఖర్చు 870 కోట్లకు పోయింది. ఖర్చు పెరిగితే లాభం కరిగిపోతుంది, వాటాదారుకు చేతికొచ్చేది తగ్గుతుంది. ముంపు మాత్రం ఒక్క అంగుళం తగ్గదు. చమురు అమ్మకాలు పడిపోయి పైపులైను ఖాళీగా పడి ఉంటే, అప్పు చేసి కొన్న వాటాకూ అదే గతి పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఎవరు సంతకం పెట్టాలన్నది. బ్రిటిష్ కొలంబియాలో కోస్టల్ గ్యాస్‌లింక్ అని 670 కిలోమీటర్ల గ్యాస్ పైపులైను వేశారు. దారి పొడవునా 20 ఎన్నికైన కౌన్సిళ్లు ఒప్పందాలు చేసుకున్నాయి. కానీ వెట్సువెటెన్ జాతి వంశపారంపర్య పెద్దలు ఒప్పుకోలేదు. భూమి మీద మాట చెల్లేది మాది, ప్రభుత్వం చట్టం చేసి పెట్టిన కౌన్సిళ్లది కాదన్నారు. 1997లో డెల్గముక్ కేసు గెలిచినవాళ్లు ఆ పెద్దలే, గిట్‌క్సాన్ పెద్దలతో కలిసి. ఆ గెలుపు చేతిలో ఉన్నా పోలీసులు వచ్చి అరెస్టులు చేశారు. 2020 ఫిబ్రవరిలో దేశమంతా రైళ్లు ఆపి జనం మద్దతు తెలిపారు. పైపులైను ఆగలేదు. 2022లో దారిలోని ఫస్ట్ నేషన్స్‌కు 10 శాతం వాటా కొనుక్కునే అవకాశం ఇచ్చారు. ఒకే జాతిలో కొందరికి అది సంపాదన, కొందరికి గాయం.

1997 అన్నాను కదా. అదే ఏడాది జులై 11న మన సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు ఇచ్చింది. విశాఖ ఏజెన్సీ అనంతగిరి మండలంలో పుట్టిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది కోర్టు. 1/70 చట్టం కింద ప్రభుత్వం కూడా గిరిజనేతర 'వ్యక్తి'తో సమానమేనంది. తవ్వితే ప్రభుత్వరంగ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం అభివృద్ధికి పెట్టాలి. చూడండి, వాటా మాట మనకు కొత్త కాదు. కోర్టే చెప్పింది. ప్రభుత్వాలే దాన్ని మూలన పడేశాయి. ప్రభుత్వ సంస్థ తవ్వి ప్రైవేటు ఫ్యాక్టరీకి బాక్సైట్ అందిస్తుందంటూ దొడ్డిదారి వెతికారు. మన్యం జనం ఏళ్ల తరబడి అడ్డం నిలబడ్డాకే 2019లో ఆ లీజులు రద్దయ్యాయి.

2011లో పార్లమెంటుకు వచ్చిన గనుల బిల్లులో బొగ్గు కంపెనీల లాభంలో 26 శాతం బాధిత కుటుంబాలకు ఇవ్వాలని ఉంది. ఆ బిల్లు మురిగిపోయింది. 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఇప్పుడు లాభంలో వాటా లేదు. రాయల్టీ మీద 10 నుంచి 30 శాతం లెక్కన సొమ్ము జమవుతుంది, ఖర్చు అధికారుల చేతుల మీదుగా జరుగుతుంది. హక్కుదారు కాస్తా లబ్ధిదారు అయిపోయాడు.

వద్దనే హక్కు నిజంగా పనిచేసిన చోటు ఒడిశా నియమగిరి. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వేదాంత బాక్సైట్ గనిని వద్దన్నాయి. గని రాలేదు. ఇప్పుడు సమత కేసు పుట్టిన అనంతగిరి మండలంలోనే పంప్డ్ స్టోరేజీకి ప్రైవేటు కంపెనీలకు అనుమతులు ఇస్తున్నారు. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు నీళ్లు పైకి తోడి, కరెంటు గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదులుతారు. ఇది గని కాదు కాబట్టి సమత తీర్పు గొడవ లేదని వాదించే పెద్దమనుషులు ఉంటారు. తీర్పుకు ఆధారమైన 1/70 చట్టం గనుల కోసం పుట్టింది కాదు, భూమి కోసం పుట్టింది. ఆ మాట అక్కడి మన కార్యకర్తలు గట్టిగా చెప్పాలి.

మైదానంలో మన పరిస్థితి వేరు. మనకు 1/70 లేదు, చేతిలో పట్టా మాత్రం ఉంది. సోలార్ కంపెనీ పాతిక, ముప్పై ఏళ్లకు కౌలు అడుగుతోంది. తమాషా చూడండి. మన కౌలు రైతుకు 2019 చట్టం కింద 11 నెలల కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి, ఆయన పెట్టడు. కంపెనీ కౌలుదారుకైతే పాతికేళ్లకు రిజిస్ట్రేషన్! ఆ భూమి మీద బతికిన కౌలు రైతుకు, కూలీకి ఆ కాగితంలో ఒక్క పంక్తి కూడా ఉండదు. యజమానికి వచ్చేది కూడా కౌలే తప్ప వాటా కాదు. దాన్ని భాగస్వామ్యం అని పిలవడం మాటల గారడీ.

కాబట్టి ఎవరైనా ఆ మాటతో వస్తే నాలుగు సంగతులు అడగండి. ఎంత శాతం? నిర్ణయాల్లో మాకు ఓటు ఉందా? ఖర్చు పెరిగితే, కంపెనీ చేతులు మారితే, దివాలా తీస్తే నష్టం ఎవరిది? గడువు తీరాక పలకలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు పీకుతారు? జవాబు నోటితో చెబితే చాలదు, కాగితం మీద తెలుగులో రాసివ్వమనండి. ఒక్కొక్కరుగా సంతకం పెట్టకండి. ఆల్బర్టాలో 23 సమాజాలు ఒకే బల్ల ముందు కూర్చున్నాయి కాబట్టే ఆ బేరమైనా కుదిరింది.

ఇప్పటికే కౌలు ఒప్పందాలు చేసుకున్న గ్రామాల వాళ్లు నకళ్లు తీసి, వచ్చే సమావేశానికి మండల కార్యదర్శులకు అందించండి. అన్నీ ఒకచోట పెట్టి షరతులు పోల్చి చూద్దాం.